‘ఉద్యోగిని విషయంలో ఫిర్యాదు’ అంటే ఎవరి మీద ఫిర్యాదు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను ఒక ప్యాకింగ్ యూనిట్‌లో షిఫ్టు ఇన్‌ఛార్జిని. మా విభాగంలో పనిచేసే ఒకావిడకు మూడు నెలల ఓవర్‌టైమ్ డబ్బు జీతంలో కలవలేదు. ఆవిడకు తెలుగు చక్కగా వచ్చు, ఈమెయిల్ అలవాటు లేదు. నన్ను రాసిపెట్టమన్నారు. ‘విషయం’ అన్న చోట ‘ప్యాకింగ్ ఉద్యోగిని విషయంలో ఫిర్యాదు’ అని పెట్టి, లోపల ‘ఓవర్‌టైమ్ డబ్బు రాలేదట, దయచేసి ఇప్పించగలరు’ అని రాశాను. రెండో రోజున ఆఫీసువాళ్లు ఆవిడను పిలిచి, మీ మీద ఫిర్యాదు వచ్చింది, సంజాయిషీ రాసివ్వండి అంటూ తెల్లకాగితం చేతికిచ్చారు. ఆ కాగితం పట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చి, ‘నా మీద ఏమని రాశారు సార్?’ అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. మంచి చేయబోయి ఎక్కడ తప్పాను?

జవాబు:
మీ మనసులో తప్పు లేదండీ. ‘విషయంలో’ అన్న మాట దగ్గర వచ్చింది చిక్కు. ‘ఫిర్యాదు’ పారసీ నుంచి వచ్చింది. అక్కడ దానికి మొరపెట్టుకోవడం అని అర్థం. మనం మాత్రం ఆ మాట వినగానే ‘ఎవరి మీద?’ అని వెతుకుతాం. ‘నీళ్ల విషయంలో ఫిర్యాదు’ అంటే ఎవరూ పొరబడరు. అదే ‘విషయంలో’, ‘గురించి’ ముందు మనిషిని నిలబెడితే, చదివేవారు ఆ మనిషినే తప్పు చేసినవారిగా చూస్తారు. అందుకే ‘విషయం’ వరుసలో ముందు జరిగిన పని రావాలి, తరవాత మనిషి.

ఇలా పక్షం తారుమారైన మాట మనకు ఇంకొకటి ఉంది, ‘ముద్దాయి’. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నేరం మోపబడినవాడయ్యాడు. మీ ఈమెయిల్‌లో ఆవిడకు జరిగిందీ అదే.

నన్ను ఇంకా బాధించినది ‘రాలేదట’. ఆ ‘అట’ విన్న మాటను విన్నట్టు చెప్పడానికి ఎంతో అందమైనది, కానీ ఫిర్యాదులో అది మీరు పక్కకు తప్పుకున్నట్టు వినిపిస్తుంది. ‘రాలేదని ఆమె చెప్పారు. మూడు నెలల జీతం చీటీలు నేను చూశాను, వాటిలో ఓవర్‌టైమ్ లేదు’ అని రాస్తే ఆమె చెప్పినదేదో, మీరు చూసినదేదో విడివిడిగా నిలుస్తాయి. ‘చెప్పారు’ అన్నాను, గమనించండి. మేనేజరు ‘అన్నారు’, పనిమనిషి ‘చెప్పింది’ అని ఒకే ఉత్తరంలో రాసేవారిని చాలామందిని చూశాను. న్యాయం అడిగే కాగితంలోనే ఆ మనిషిని ఒక మెట్టు దించడం నాకు మింగుడుపడదు.

మరొకరి జవాబు:
‘తరఫున’ అని రాయండి. అరబ్బీ ‘తరఫ్’, అంటే వైపు. ‘తరపున’ అని రాసేవారూ ఉన్నారు, ‘పక్షాన’ అన్నా సరే. ‘ఆమె బదులు’ మాత్రం వద్దు, అలా రాస్తే ఆమె తప్పుకుని మీరు వచ్చినట్టుంటుంది. అడగకుండా మాట్లాడేవారిని ‘వకాల్తా పుచ్చుకున్నాడు’ అని దెప్పుతాం కదా, ఆ మాట పడకుండా ‘ఆమె కోరిక మేరకు, ఆమెకు చదివి వినిపించి పంపుతున్నాను’ అన్న వాక్యం చేర్చండి. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం కింద చేసిన నియమాలూ ఈ సంగతి పట్టించుకున్నాయి. అనారోగ్యం వంటివి కాక వేరే కారణంతో బాధితురాలు స్వయంగా ఫిర్యాదు ఇవ్వలేకపోతే, సంగతి తెలిసినవారు ఎవరైనా ఇవ్వవచ్చు, కానీ ఆమె రాతపూర్వక సమ్మతి ఉండాలి. మీది జీతం సంగతే అయినా పద్ధతి అదే మంచిది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు పంపినదానికి క్షమాపణ చెబుతూ, ‘మూడు నెలల ఓవర్‌టైమ్ వేతనం చెల్లించకపోవడంపై ఫిర్యాదు, ప్యాకింగ్ ఉద్యోగిని తరఫున’ అని కొత్తగా రాశాను. ఈసారి ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. అంతా విని, ‘ఇప్పించగలరు’ దగ్గర ఆపారు. ‘అది చందా అడిగినట్టుంది సార్, నేను పనిచేసిన డబ్బు కదా’ అన్నారు. అక్కడ ‘ఆమెకు రావలసినది చెల్లించండి’ అని మార్చి, ఆవిడ సరే అన్నాక పంపాను.