మిర్యాలగూడ రైసు మిల్లు కుటుంబం, ఒక కిడ్నీ మార్పిడి: ఈ సస్పెన్స్ నవల చట్టం ముందు, వైద్యం ముందు నిలబడుతుందా?

ప్రశ్న – మూసీగట్టు, నల్లగొండ

నేను రాస్తున్న సస్పెన్స్ నవల మిర్యాలగూడలో మూడు రైసు మిల్లులున్న ఒక కుటుంబం గురించినది. పెద్ద కొడుకే మిల్లులు నడుపుతుంటాడు. ఆయనకు రెండు కిడ్నీలూ పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవలసి వస్తుంది. ఇంట్లో ఎనభై ఏళ్ల తల్లి, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు ఉన్నారు. చనిపోయిన అక్క కొడుకు నల్లగొండలో కిడ్నీ డాక్టరు. తల్లిదండ్రులు పోయిన ఆ పిల్లవాణ్ణి ఇంట్లో పెట్టుకొని పెంచి, మెడికల్ సీటుకు డబ్బు కట్టి చదివించింది ఆ పెద్ద మేనమామే.

కిడ్నీ ఇవ్వడానికి మొదట చెల్లెలి పేరు వస్తుంది. ఆమె అక్క కొడుకును ఒంటరిగా కలిసి, "నాకు ఇష్టం లేదు బిడ్డా, కాని ఇంట్ల కాదనలేను" అని చెప్పుకొంటుంది. ఆమె కిడ్నీ పనికిరాదని ఇంట్లో చెప్పి అతడు చిన్నమ్మను తప్పిస్తాడు. తరువాత అతడు శిక్షణ కోసం కేరళ వెళ్లిన సమయంలో హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగిపోతుంది. తమ్ముడే కిడ్నీ ఇచ్చాడని అందరికీ చెబుతారు, మిల్లుల్లో అతడికి వాటా పెరుగుతుంది. రెండేళ్ల తరువాత ఆ తమ్ముడు కడుపునొప్పితో వస్తే డాక్టరు మామూలుగా స్కానింగ్ రాస్తాడు. రెండు కిడ్నీలూ సాధారణ పరిమాణంలో ఉన్నాయని రిపోర్టు వస్తుంది. తమ్ముడి ఆధార్‌తో, తమ్ముడి పేరుతో కిడ్నీ ఇచ్చిన మనిషి వేరొకడని అప్పుడు అర్థమవుతుంది. ఆ మనిషి మిల్లులో పనిచేసిన ఒక లారీ క్లీనర్.

ఇప్పటి ప్రతిలో నవల ఆసుపత్రి రికార్డు గదిలో జరిగిన ఒక హత్యతో మొదలవుతుంది. ఇలాంటి మారువేషం నిజంగా పరీక్షలన్నీ దాటగలదా, తనను పెంచిన మేనమామ మీద ఆ డాక్టరు ఎవరికి, ఏ దారిలో ఫిర్యాదు చేయగలడు, చేయకపోతే అతడి బాధ్యత ఏమిటి అన్నవి నాకు స్పష్టం కావడం లేదు. ఈ రంగాల్లో ఉన్నవారు చెబితే కథను సరిగ్గా నిలబెట్టగలను.

జవాబు – పానగల్లు

నేను హైదరాబాద్‌లో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరుగా పనిచేస్తున్నాను. మీ కథలో నాకు అన్నిటికంటే నిజమనిపించింది చెల్లెలి ఘట్టం. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లే, ముఖ్యంగా తల్లులు, భార్యలు. దాత స్త్రీ అయితే ఆమె గుర్తింపును, సమ్మతిని గ్రహీత కాని మరొక వ్యక్తి ద్వారా విడిగా నిర్ధారించుకోవాలని 2014 కేంద్ర అవయవ మార్పిడి నిబంధనల్లోనే ఉంది. ఇష్టం లేని దాతను ఇంటివాళ్ల ఒత్తిడి నుంచి కాపాడటానికి, కారణం చెప్పకుండా "ఈమె సరిపోదు" అని మాత్రమే చెప్పడం మా వృత్తిలో ఉన్న పద్ధతే. దాత పరీక్షల వివరాలు దాతకు చెందినవి కనుక, కారణం అడిగే హక్కు అన్నకు లేదు. అయితే మీ డాక్టరు నోటిమాటతో ఆగాడా, లేక ఆమెకు లేని జబ్బును కాగితం మీద రాశాడా అన్నది మీరు తేల్చాలి. మొదటిది ఆమె పట్ల కర్తవ్యం, రెండోది తప్పుడు రికార్డు. రెండోది రాసి ఉంటే, రేపు అతడు మేనమామ వైపు వేలు చూపిన రోజున ఆ కాగితం అతడి మీదికే వస్తుంది.

అక్కడే మీ నవలకు అసలు బరువు ఉందని నా అభిప్రాయం. చిన్నమ్మను తప్పించిన తరువాతే ఆ ఇల్లు డబ్బుతో మనిషిని వెతుక్కుంది. రాష్ట్ర అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకొని బ్రెయిన్‌డెడ్ దాత కోసం వేచి ఉండే ఓపిక ఆ ఇంట్లో లేదు, ఆ వరుసలో డబ్బుతో ముందుకు జరగడానికి వీలూ లేదు. తన మంచితనం ఒక క్లీనర్ ఒంటి మీద కోతగా తేలిందన్న స్పృహ డాక్టరును లోపలి నుంచి తొలుస్తుంటే, రికార్డు గదిలో శవం ఎందుకు? హత్యను తీసేసి, స్కానింగ్ రిపోర్టులోని ఆ మామూలు వాక్యంతోనే నవలను మొదలుపెట్టండి.

ఇక మారువేషం సంగతి. రక్తవర్గం, ఇద్దరి రక్తం పొసగుతుందా చూసే క్రాస్‌మ్యాచ్, కిడ్నీ పనితీరు చూపే డీటీపీఏ స్కాన్, రక్తనాళాలు చూపే సీటీ యాంజియోగ్రామ్ అన్నీ ఆ క్లీనరుకే చేస్తారు కనుక, అవి ఒకదానితో ఒకటి సరిగ్గానే కలుస్తాయి. అబద్ధం పరీక్షల్లో ఉండదు, వాటి మీద రాసిన పేరులో ఉంటుంది. చాలామంది రచయితలు హెచ్‌ఎల్‌ఏ (తల్లిదండ్రుల నుంచి వచ్చే కణజాల గుర్తుల) పరీక్ష కలవలేదు కాబట్టి అన్నదమ్ములు కారని తేల్చేస్తారు, అది సరికాదు. సొంత అన్నదమ్ములలో నాలుగింట ఒక వంతు అవకాశంతో పూర్తిగా కలవవచ్చు, సగం అవకాశంతో సగం కలవవచ్చు, మిగిలిన నాలుగింట ఒక వంతులో అసలేమీ కలవకపోవచ్చు. అందువల్ల పరాయివాడు కూడా "కలవని తమ్ముడు"గా ఆ దశ దాటిపోగలడు. కాని తల్లి విషయం వేరు. ప్రతి బిడ్డకూ ఆమె నుంచి సగం తప్పనిసరిగా వస్తుంది. అందుకే బంధుత్వం రుజువు కానప్పుడు తల్లిదండ్రులకు, కనీసం వారిలో ఒకరికైనా పరీక్ష చేయాలని నిబంధన ఉంది. తల్లి మంచం దిగలేని స్థితిలో ఉందని కుటుంబం ఒక లేఖ ఇచ్చి, ఆసుపత్రిలో ఎవరో దానిని చూసీచూడనట్లు వదిలేసినట్లు రాస్తేనే కథ నిలుస్తుంది.

రెండేళ్ల తరువాత ఆ తల్లికి షుగరు పరీక్ష కోసం రక్తం తీసేది ఈ మనవడే అనుకోండి. సూది లోపలే ఉంది, ట్రేలో ఇంకొక ఖాళీ ట్యూబు ఉంది, అది నింపి హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు పంపి, ఆసుపత్రి ఫైలులోని దాత రిపోర్టుతో పోలిస్తే నిజం బయటపడుతుంది. అయితే ఆమెకు చెప్పకుండా ఆ ట్యూబు నింపితే, అతడు కూడా ఒక మనిషి శరీరాన్ని అనుమతి లేకుండా వాడుకున్నవాడే అవుతాడు. చెప్పి అడిగితే, పెద్ద కొడుకును జైలుకు పంపే రక్తాన్ని తల్లినే ఇమ్మని అడిగినట్లవుతుంది. ఈ సన్నివేశానికి ఒక అధ్యాయమంతా ఇవ్వండి.

ఇంకొక్క విషయం. కిడ్నీ ఇచ్చినవారు జీవితాంతం ఏటా బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష), మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. మీ క్లీనరు రికార్డు మొత్తం వేరొకరి పేరు మీద ఉంది. అతడికి ఒంటి మీద మచ్చ ఉంది కాని, తనకు ఒకటే కిడ్నీ ఉందని చూపించే కాగితం లేదు. ఏ డాక్టరైనా కిడ్నీకి చెడుచేసే నొప్పి మాత్రలు రాసిస్తే, వద్దని చెప్పడానికి కూడా అతడి దగ్గర ఆధారం లేదు. దయచేసి అతణ్ణి కథలో ఒక ఆధారంగా మాత్రమే వాడి వదిలేయకండి.

జవాబు – క్లాక్‌టవర్

నేను నల్లగొండ కోర్టులో వకీలును. ఆపరేషన్ ఏ సంవత్సరంలో జరిగిందో ముందు నిర్ణయించుకోండి, ఎందుకంటే నేరం జరిగిన నాటి చట్టమే వర్తిస్తుంది. మన దగ్గర చాలాకాలం 1995 నాటి ఉమ్మడి రాష్ట్ర అవయవ మార్పిడి చట్టం అమలులో ఉంది. 2011లో సవరించిన కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసింది. కేంద్ర చట్టం కింద అవయవ వ్యాపారానికి 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. మీకు ఈ కఠినమైన శిక్షలు కావాలంటే ఆపరేషనును ఆ తరువాతి కాలంలో పెట్టండి.

మీ డాక్టరు ముందున్న అసలు ఇరకాటం మీ ప్రశ్నలో కనిపించలేదు. ఆ చట్టంలో డబ్బు ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడు కూడా నేరస్థుడే. అంటే మేనమామ మీద ఫిర్యాదు చేస్తే ఆ క్లీనరు కూడా ముద్దాయి కావచ్చు. ఎవరికి అన్యాయం జరిగిందని డాక్టరు కదులుతున్నాడో, అతడి కదలిక ఆ మనిషి మెడకే చుట్టుకోవచ్చు. మేనమామ పట్ల ఉన్న రుణం ఒక్కటే అతణ్ణి ఆపుతోందని రాస్తే కథ పలచబడుతుంది. ఈ రెండో భయం కూడా ఉంటే, అతడి మౌనం పిరికితనమో కరుణో పాఠకుడు చివరిదాకా తేల్చుకోలేడు.

ఫిర్యాదు పద్ధతి కూడా మీకు పనికివస్తుంది. ఈ చట్టం కింద కేసును కోర్టు నేరుగా స్వీకరించదు. ప్రభుత్వం నియమించిన సంబంధిత అధికారి ఫిర్యాదు చేయాలి, లేదా మామూలు వ్యక్తి ఎవరైనా ఆ అధికారికి కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి, ఆ తరువాత కోర్టుకు రావాలి. ఆ 60 రోజులను మీ నవల నిడివిగా పెట్టుకోండి. నోటీసు సంగతి మొదటి వారంలోనే మిల్లు ఆఫీసుకు చేరితే, మిగిలిన రోజులలో ఆ ఇల్లు ఏమి చేస్తుందన్నదే సస్పెన్స్. దొంగ గుర్తింపు, ఫోర్జరీ మాత్రం వేరే నేరాలు, వాటి మీద పోలీసులు నేరుగా కేసు పెట్టగలరు. రోగి రహస్యం కాపాడాలన్న నియమం 2002 నాటి వైద్య నైతిక నిబంధనల్లో ఉంది. అదే నిబంధనల్లో, తోటి వైద్యుల అవినీతిని భయపక్షపాతాలు లేకుండా బయటపెట్టాలనీ ఉంది. తమ్ముడి స్కానింగ్ రిపోర్టు మొదటి నియమం కిందికి వస్తుంది, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసినవారి ప్రవర్తన రెండోదాని కిందికి వస్తుంది. మీ డాక్టరు ఆ రెండింటి మధ్య నిలబడి ఉంటాడు.

ఆస్తి గురించి ఒక మాట. తమ్ముడికి మిల్లులో వాటా పెంచిన దస్తావేజు తేదీ ఆపరేషనుకు దగ్గరగా ఉంటే, ఆ కాగితమే సాక్ష్యం. డబ్బుతో సమానమైన ఏదైనా "చెల్లింపే" అని చట్టం చెబుతుంది, అవయవాన్ని తీసి భద్రపరచి తరలించే ఖర్చులకు, దాతకు అయిన ఖర్చులకు, పోగొట్టుకున్న సంపాదనకు మాత్రమే మినహాయింపు ఉంది. సొంత తమ్ముడైనా ఈ నియమం మారదు. చెల్లెలి వాటా ఏమైందో కూడా రాయండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టానికి చేసిన 2005 సవరణ చెబుతోంది. పెళ్లినాడు ఇచ్చిన కట్నంతో సరిపోయిందని ఆమె చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించిన అన్నే, తరువాత ఆమె కిడ్నీ కోసం వచ్చాడని తెలిస్తే, ఆమె ఆనాడు డాక్టరు దగ్గర అన్న మాట పాఠకుడికి వేరుగా వినిపిస్తుంది.

జవాబు – శివన్నగూడెం దారి

మాది మర్రిగూడ మండలం, బడిలో సైన్సు చెబుతాను. ఆ క్లీనరును మా వైపు మనిషిని చేయండి, మీకు ఒక గట్టి ఆధారం దొరుకుతుంది.

మిషన్ భగీరథ నీళ్లు రాకముందు మా ఊళ్లలో బోరునీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీద గోధుమరంగు గారలు ఉంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్, మా దగ్గర చాలా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ గారలు పళ్లు లోపల తయారయ్యే చిన్న వయసులోనే పడతాయి. పెద్దయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పంటి మీద ఆ మచ్చ రాదు, చిన్నప్పుడు వచ్చినది తోమితే పోదు. మిర్యాలగూడలో సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద పెరిగిన మిల్లు యజమాని తమ్ముడి నోట్లో అవి ఎందుకు ఉంటాయి? ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరు నోరు తెరిపించి పళ్లు చూస్తారని విన్నాను. ఆ కాగితంలో ఒక్క మాట రాసి ఉంటే చాలు, మీ డాక్టరు దేవరకొండ వైపు బస్సు ఎక్కుతాడు. నల్లగొండ డాక్టరుకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఒక్క మనవి. మా వాళ్లను ఎవరు రాసినా వంగిపోయిన ఒళ్లతోనే రాస్తారు. ఆ క్లీనరు ఆ డబ్బుతో ఏమి చేశాడో, ఎవరి అప్పు తీర్చాడో, సంతకం పెట్టేటప్పుడు అతడికి ఏమి చెప్పారో రాయండి. అతణ్ణి మాట్లాడనివ్వండి.

మూసీగట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. హత్యను తీసేస్తున్నాను. స్కానింగ్ రిపోర్టుతో మొదలుపెట్టి, పళ్ల ఆధారంతో డాక్టరును మర్రిగూడ దాకా తీసుకువెళ్లి, 60 రోజుల నోటీసును వెన్నెముకగా పెడతాను. పానగల్లు గారూ, పళ్లు కాక ఆ ఆసుపత్రి ఫైలులో ఇంకేదైనా పట్టిచ్చే అవకాశం ఉందా? డాక్టరు ముందు క్లీనరును కలవాలా, నోటీసు ఇవ్వాలా?

పానగల్లు

మత్తు డాక్టరు పళ్లు చూడటం నిజమే, గొంతులోకి గొట్టం వేసేటప్పుడు కదిలే పళ్లు ఇబ్బంది పెడతాయని రాసుకుంటారు, గారలను కూడా రాయడం ఆ డాక్టరు శ్రద్ధను బట్టి ఉంటుంది. అంతకంటే బలమైనది దాతకు తీసిన సీటీ యాంజియోగ్రామ్. అది కిడ్నీ రక్తనాళాల కోసం తీసినా, వెనుక నడుము వెన్నుపూసలు కూడా అందులో పడతాయి. ఫ్లోరైడ్ ఎముకలకు పట్టినవారిలో అవి మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి, పక్కన కండరపట్టీలు గట్టిపడిన గీతలు కూడా కొన్నిసార్లు ఉంటాయి. రక్తనాళాలనే చూసిన హైదరాబాద్ డాక్టరు దానిని పట్టించుకోకపోవచ్చు. ఫ్లోరైడ్‌ను ఒంట్లోంచి బయటికి పంపేది ప్రధానంగా కిడ్నీలే కనుక, అలాంటి మనిషి దగ్గర ఒక కిడ్నీ తీసుకోవడం ఎంత తప్పో మీ డాక్టరుకు ఆ ఫిల్ము చూసిన క్షణంలోనే తెలుస్తుంది.

అందుకని అతడు ముందు క్లీనరు దగ్గరికే వెళ్లాలి. చట్టంలో అతడికి ఎంత ప్రమాదం ఉందో దాచకుండా చెప్పి, ఇంటికి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అతడి సొంత పేరుతో క్రియాటినిన్, మూత్ర పరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించాలి. నోటీసు ఇవ్వాలా వద్దా అన్నది ఆ రిపోర్టులు వచ్చాక, అతణ్ణి అడిగి నిర్ణయించాలి. అతడు వద్దంటే డాక్టరు ఏమి చేస్తాడన్నది మీరు రాయవలసిన అధ్యాయం. అది రాశాక ఇక్కడ పెట్టండి, వైద్యం వివరాలు నేను చూసి చెబుతాను.