గిన్నీ కోడి పిల్లల కాళ్ళు పక్కలకి జారిపోతున్నాయి, ఏం చేయాలి?

నమస్కారమండీ. నాటు పెట్ట కింద పొదిగించిన గిన్నీ గుడ్లు 27వ రోజున పిల్లలయ్యాయి. పెట్ట పొడుస్తోందని పిల్లల్ని అట్టపెట్టెలోకి మార్చి బల్బు పెట్టాం. వేడి 35 డిగ్రీల దగ్గర ఉంది, వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలనుకుంటున్నాం. నీళ్ళ మూతలో గులకరాళ్ళు వేశాం, లేకపోతే ఇంత చిన్నవి అందులోనే మునిగి చస్తాయి.

కింద న్యూస్‌పేపర్ పరిచాం. దాని నునుపుకే అనుకుంటా, రెండు పిల్లల కాళ్ళు చెరోవైపు జారి, పొట్ట నేలకి ఆనిపోయింది. ఇప్పుడు పేపర్ తీసి గరుకు గోనెపట్టా వేశాం. రెండు కాళ్ళకీ మధ్య సుమారు రెండు సెంటీమీటర్లు వదిలి, బ్యాండ్-ఎయిడ్ సన్నగా కత్తిరించి కట్టాం. నిలబడుతున్నాయి గానీ తూలుతున్నాయి. ఈ కట్టు ఎన్నాళ్ళు ఉంచాలి? రోజూ విప్పి చూడాలా?

ఇంకో పిల్లకి వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. ఇది జారుడు వల్ల కాదు, బి2 విటమిన్ లోపమనిపిస్తోంది. కోళ్ళకిచ్చే బి-కాంప్లెక్స్ ద్రావణం లీటరు నీళ్ళకి ఎంత కలుపుతారు?

మేత బ్రాయిలర్ ప్రీ-స్టార్టర్ (బ్రాయిలర్ పిల్లలకి మొదటి రోజుల్లో పెట్టే దాణా). గిన్నీలకి మొదట్లో 24 నుంచి 26 శాతం ప్రోటీన్ కావాలి, ఇందులో అంత లేదు. ఉడికించిన గుడ్డు చిదిమి కలిపితే సరిపోతుందా? ఎండుచేపల పొడి వేద్దామంటే ఉప్పు భయం.

తడి గడ్డిలో తిరిగితే చలికి చచ్చిపోతాయి కదా, ఈ వానల్లో బయటికి ఎన్ని వారాలకి వదులుతున్నారో పెంచేవాళ్ళు చెప్పండి.