నాలుగైదు గేర్లలో ఆర్‌పీఎం ఎగురుతోంది, స్పీడు పెరగడం లేదు: క్లచ్ ప్లేటా, కేబులా?

ఎడమకాలు:
రెండు నెలల కిందట ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. ఐదు గేర్ల మాన్యువల్, మీటరులో 84 వేల కిలోమీటర్లు. కొనే రోజు ఒక్కడినే ఖాళీ రోడ్డు మీద నడిపి చూశాను, ఏ లోపమూ కనిపించలేదు. మొన్న నలుగురం ఎక్కి, డిక్కీ నిండా సామాను వేసుకుని కొండ దారి పట్టాం. ఐదో గేరులో 70 మీద వెళ్తున్నాం. ఎత్తు మొదలు కాగానే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు 2100 నుంచి 2900కి లేచింది, స్పీడు ముల్లు 70 దగ్గరే ఉండిపోయింది. ఇంజిన్ గోలే తప్ప బండిలో ఊపు లేదు. పైకి చేరి ఆపాక గోనెసంచి కాలుతున్నట్టు వాసన.

పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాకే బండి కదులుతోంది. గేర్లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా పడుతున్నాయి. ఒక మెకానిక్ అర నిమిషం నడిపి క్లచ్ సెట్టు మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన బానెట్ ఎత్తి, కేబుల్ బిగుసుకుంది, సర్దితే చాలన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇంకో సంగతి ఇప్పుడే గమనించాను. బ్రేకు పెడల్ రబ్బరు మీద గీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. క్లచ్ పెడల్ రబ్బరు బోసినోరులా నున్నగా ఉంది.

వెనకసీటు:
ప్లేటు అయిపోయింది. ఆలోచించకుండా మార్చేయండి. మా పాత బండిలోనూ అచ్చం ఇదే వరస.

నట్టూబోల్టూ:
ఆలోచించకుండా మార్చేయమనే సలహాల వల్లే ఎన్నో గేరుబాక్సులు ఊరికే కిందికి దిగాయి. ప్లేటు చేతికి రావాలంటే గేరుబాక్సు దించాలి, అది రోజంతా పట్టే పని. కేబుల్ సర్దడం పది నిమిషాల పని. ముందు ఆ పది నిమిషాలు ఖర్చు పెట్టండి.

అంతకంటే ముందు, క్లచ్ పట్టు వదిలి జారుతోందా లేదా అన్నది లెక్క కట్టి తేల్చుకోండి. గేరులో ఉండి పెడల్ వదిలేశాక ఇంజిన్, చక్రాలు ఒకదానికొకటి కట్టేసినట్టే తిరుగుతాయి. ఏ గేరుకు ఆ గేరులో స్పీడుకూ ఆర్‌పీఎంకూ ఒకే లెక్క, అది మారడానికి వీల్లేదు. మీ బండి ఐదో గేరులో 70కి 2100 చూపిస్తోంది, అంటే స్పీడులో ఒక్కో కిలోమీటరుకు 30. 2900 చూపించినప్పుడు మీరు 96 దాటి ఉండాలి. 70లోనే ఉన్నారు. నిమిషానికి 800 చుట్లు దారిలో ఎక్కడ పోయాయి? ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీలు, దానికీ క్లచ్ ప్లేటుకూ మధ్య రాపిడిలో వేడిగా పోయాయి. మీ గోనెసంచి వాసన అదే.

ఇంజిన్‌లో శక్తి తగ్గితే కథ వేరు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, స్పార్క్ ప్లగ్గు సరిగా మండించకపోయినా బండి లాగదు, ఆర్‌పీఎం కూడా లేవదు. రెండూ కలిసే మొరాయిస్తాయి.

కొనే రోజు ఎందుకు దొరకలేదంటే, ఒక్కరే ఉన్నారు, రోడ్డు చదును. చిన్న గేర్లలో బండి తేలిగ్గా కదిలిపోతుంది కాబట్టి అరిగిన క్లచ్ కూడా నెట్టుకొస్తుంది. పెద్ద గేరు, తక్కువ స్పీడు, నిండు యాక్సిలరేటర్: ఈ మూడూ కలిసినప్పుడే దొంగ బయటపడతాడు. వాహనాలు లేని చదును రోడ్డు మీద నాలుగో గేరులో 50 దగ్గర నిలకడగా వెళ్తూ ఆర్‌పీఎం రాసుకోండి. తర్వాత యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కండి. పక్కన కూర్చున్నవారు రెండు ముల్లులూ ఫోనులో వీడియో తీయాలి, మీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. ఒక్కసారి చాలు. జారిన ప్రతిసారీ ప్లేటు ఇంకొంచెం కాలుతుంది.

నిదానమే_మేలు:
ఒక మాట కలుపుతాను. హ్యాండ్ బ్రేక్ లాగి, పెద్ద గేరు వేసి క్లచ్ వదలమని కొందరు చెబుతారు. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బాగున్నట్టు, తిరుగుతూనే ఉంటే పోయినట్టు. పూర్తిగా పోయిన క్లచ్‌ను అది పట్టిస్తుంది. మీది ఇంకా బండిని లాగుతోంది కనుక ఇంజిన్ ఆగిపోవచ్చు, మీరేమో బాగుందనుకుని ఇంటికి వెళ్లిపోతారు. నాకు అలాగే జరిగింది.

హైడ్రాలిక్ క్లచ్ ఉన్నవారు పెడల్ ఎత్తును చూసి అరుగుదల అంచనా వేయకూడదు. ప్లేటు అరిగేకొద్దీ అక్కడి ద్రవం దానంతటదే సర్దుకుంటుంది.

ఎడమకాలు:
చేశాను. నాలుగో గేరులో 50కి 1900, అంటే కిలోమీటరుకు 38. తొక్కగానే 54 దగ్గర 2600! లెక్క ప్రకారం 2050 దగ్గర ఉండాలి. కాలు తీయగానే మళ్లీ 38కి వచ్చేసింది.

రెండో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. క్లచ్ పెడల్‌ను రెండు వేళ్లతో నొక్కి చూపించాడు, మొదటి నుంచే గట్టిగా ఉంది, ఖాళీ అన్నదే లేదు. కేబుల్ వదులు చేసి 15 మిల్లీమీటర్ల ఖాళీ పెట్టాడు, బండితో వచ్చిన పుస్తకంలోని కొలత ప్రకారమే. ప్లేటు చల్లారాక మళ్లీ నడిపాం. ఈసారి 53 దగ్గర 2300. తగ్గింది కానీ పోలేదు.

నట్టూబోల్టూ:
అయితే మెకానిక్‌లు ఇద్దరూ నిజమే చెప్పారు. క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కితే దాని స్ప్రింగును నొక్కి పట్టు విడిపించేది రిలీజ్ బేరింగు. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రం స్ప్రింగు వేళ్లు ఆ బేరింగు వైపు జరుగుతాయి, పెడల్‌లోని ఖాళీ తగ్గుతూ వస్తుంది. ఎప్పటికప్పుడు కేబుల్ వదులు చేయకపోతే బేరింగు ఆ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది, ప్లేటు మీద పట్టు సడలి జారుతుంది. పాత యజమాని కాలు కూడా పెడల్ మీదే ఉండేదని మీ బోసినోటి రబ్బరు చెబుతోంది. రెండూ కలిసి ప్లేటును తినేశాయి. ఇక దించక తప్పదు.

దించినప్పుడు మీరు దగ్గర ఉండండి. లోపల నూనె తడి ఉందేమో వేలితో తాకి చూడండి. క్రాంక్ షాఫ్ట్ వెనక సీలు, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు, ఏది కారినా కొత్త ప్లేటు కూడా జారుతుంది. ఒకసారి నేను సీలు చూడకుండా ప్లేటు మార్చి మూసేశాను. మూడు నెలల్లో బండి తిరిగి వచ్చింది, ప్లేటు నూనెలో ముంచిన అట్టులా ఉంది. రెండోసారి దించిన కూలి నేనే భరించాను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే మార్చండి. ఒకదాన్ని పొదుపు చేసి మళ్లీ గేరుబాక్సు దించడం ఏం లాభం?

ఎడమకాలు:
నిన్న దించారు, పక్కనే నిలబడ్డాను. ప్లేటుకు ఒకవైపు లైనింగ్ (రాపిడి పొర) రివెట్ల తలలదాకా అరిగిపోయింది. ఫ్లైవీలు మీద రివెట్లు గీసిన సన్నటి వలయం, దాని చుట్టూ నీలిరంగు మచ్చలు. స్ప్రింగు వేళ్ల కొసలు బేరింగు రాపిడికి వెండిలా మెరుస్తున్నాయి. సీళ్లు రెండూ పొడిగా ఉన్నాయి. ఫ్లైవీలును లేతులో చదును చేయించి, మిగతా మూడూ కొత్తవి వేయించాను. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమన్నారు కాబట్టి అడుగుదాకా తొక్కడం వాయిదా వేశాను. మామూలుగా తొక్కితే మాత్రం నాలుగో గేరులో 60 దగ్గర 2280, లెక్క ఎక్కడా తప్పలేదు.

ఇప్పుడు పెడల్ సగానికే క్లచ్ పట్టుకుంటోంది. పైదాకా వదలడానికి అలవాటుపడిన కాలు ఊరుకోదు కదా, ఇంటికి వచ్చేలోపు మూడుసార్లు ఇంజిన్ ఆపేశాను.