మానని పుండుకు కరెంటు పెట్టవచ్చా? మీ అనుభవాలు చెప్పండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా నాన్నగారికి మధుమేహం వల్ల అరికాలిలో పుండు పడి ఐదు నెలలైంది. విద్యుత్తుకు కణాలు కదిలి పుండు పూడుతుందని చెప్పి, ఒక దుకాణదారుడు నొప్పులకు వాడే టెన్స్ యంత్రాన్ని అంటగట్టాడు. మూడు వారాలు పుండు పక్కన పట్టీలు అతికించినా చర్మం కందిపోవడం తప్ప ఫలితం లేదు. అసలు ఆ మాటే అబద్ధమా?

బరంపురం ల్యాబు:
మాట అబద్ధం కాదండి. తెగిన తన వేలి నుంచి కరెంటు ప్రవహించడాన్ని జర్మన్ శాస్త్రవేత్త ద్యుబ్వా రేమోన్ 1843లోనే కొలిచారు. చర్మం సోడియం అయాన్లను ఎప్పుడూ లోపలికి తోస్తూ ఉండడం వల్ల లోపలి వైపు ధనావేశం నిలుస్తుంది. చర్మం తెగగానే ఆ కరెంటు గాయం గుండా బయటికి కారిపోతుంది కనుక, గాయం నడుమ ఋణ ధ్రువంలా మారి, అంచుల్లోని చర్మ కణాలు అటువైపు పాకుతాయి. అక్కడ ఏర్పడే విద్యుత్ క్షేత్రం మిల్లీమీటరుకు సుమారు 40 నుంచి 200 మిల్లీవోల్టులు ఉంటుంది.

ఎమ్మెస్సీలో ఉండగా, బజారు నుంచి ప్రాణంతో తెచ్చిన తిలాపియా చేప పొలుసుల కణాలపై నేను ఈ ప్రయోగం చేశాను. ఎలక్ట్రోడు దగ్గర పుట్టే రసాయనాలు కణాలను చంపకుండా మధ్యలో ఉప్పునీటి అగర్ (జెల్లీ లాంటి పదార్థం) నింపిన గొట్టాలు పెట్టవలసి వచ్చింది. (మొదటి రెండు వారాలు ఆ గొట్టాల్లో గాలి బుడగలతోనే సరిపోయింది.) కణాలు ఋణ ధ్రువం వైపు నడిచాయి, ధ్రువాలు తారుమారు చేస్తే నిమిషాల్లోనే వెనుదిరిగాయి.

నాగావళి తీరం (రాయగడ, ఫిజియోథెరపీ):
కిటుకు ఆ దిక్కులోనే ఉంది. మామూలు టెన్స్ కరెంటు అటూ ఇటూ సమానంగా మారుతూ నరాలను కదిలిస్తుంది తప్ప కణాలకు దారి చూపదు. పుండ్లకు మేము వాడేది ఒకే దిక్కుకు ఆగి ఆగి పోయే స్పందనల కరెంటు. ఒక ఎలక్ట్రోడును తడిపిన శుభ్రమైన గాజుగుడ్డతో పుండులోనే ఉంచి, రెండోదాన్ని బాగున్న చర్మంపై పెడతాం. ఎముకకు చీము పట్టినవారికి, క్యాన్సరు పుండుకు, పేస్‌మేకరు ఉన్నవారికి పెట్టం. నా అనుభవంలో కొన్ని పుండ్లు త్వరగా పూడాయి, కొన్ని కదలనేలేదు. పాదం మీద బరువు పడకుండా చూడనిదే ఏ కరెంటూ పని చేయలేదు.

గుణుపురం అక్క:
మా ఇంట్లో పెద్దలు పుండును గాలికి ఆరబెట్టమంటారు. అది మంచిదేనా?

బరంపురం ల్యాబు:
కాదు అక్కా. కరెంటు పారడానికి తడి కావాలి. పుండు ఎండి పక్కు కడితే ఆ కరెంటు తగ్గిపోతుంది. తడి నిలిపే డ్రెస్సింగుతో పుండు త్వరగా మానడానికి ఇదీ ఒక కారణమని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

మహేంద్రతనయ:
యంత్రం పక్కన పెట్టేశాం. నాన్నగారి పాదానికి స్పర్శ లేదన్న సంగతి ఈ చర్చ చదివాకే పరీక్షించి తెలుసుకున్నాను; ఎముక సంగతి తేలడానికి రేపు ఎక్స్‌రే తీయిస్తున్నాం.