వాలాసైక్లోవిర్‌లో డి-ఐసోమర్ 2.4 వచ్చింది, ఎల్-వాలిన్ ఎస్ఓఆర్ మాత్రం పాస్

జీడిమెట్ల కెమిస్ట్:
అందరికీ నమస్తే. మాది వాలాసైక్లోవిర్ అనే వైరస్ మందు తయారుచేసే చిన్న యూనిట్. ఎల్-వాలిన్ అనే అమైనో ఆమ్లానికి సీబీజెడ్ (అమైన్‌ని కప్పి ఉంచే రక్షణ గ్రూపు) కట్టి, డీఎంఎఫ్ ద్రావకంలో డీసీసీ, డీఎంఏపీ (రెండిటినీ అతికించే రసాయనాలు) వేసి ఎసైక్లోవిర్‌తో కలుపుతాం, అదే కప్లింగ్. చివర పల్లాడియం కార్బన్‌తో హైడ్రోజనేషన్ చేసి సీబీజెడ్ తీసేస్తాం. డి-ఐసోమర్ (వాలిన్ భాగం అద్దంలో బింబంలా తిరగబడిన రూపం, మాకు మలినం) ఎప్పుడూ 0.9 శాతం దాటదు. పోయిన బ్యాచ్‌లో 2.4 వచ్చింది. యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణ గ్రంథం) లిమిట్ 3 కాబట్టి అక్కడ గొడవ లేదు, కానీ మా ఇన్‌హౌస్ లిమిట్ 1.5. ఆ రాత్రి చిల్లర్ కాసేపు ఆగి, కప్లింగ్ మాస్ టెంపరేచర్ 5 నుంచి 12 డిగ్రీలకు పోయింది. అందరూ ఆపరేటర్‌నే అంటున్నారు. పాపం, ఆ కుర్రాడు రెండు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. వాలిన్ కొత్త లాట్, కానీ ఎస్ఓఆర్ (ధ్రువిత కాంతిని ఎంత తిప్పుతుందో కొలిచే పరీక్ష) 27.2, స్పెక్ 26.6 నుంచి 28.8. నిజంగా టెంపరేచర్ వల్లేనా?

పరవాడ పెద్దాయన:
తమ్ముడూ, ముందు ఆ అబ్బాయిని వదిలేయమను. సీబీజెడ్ ఉన్న వాలిన్ అంత తేలిగ్గా తిరగబడదు, దాన్ని కట్టడానికి అదీ ఒక కారణమే కదా. కాసేపు 12 డిగ్రీలైనంత మాత్రాన ఒకటిన్నర శాతం పెరుగుతుందంటే నేను నమ్మను.

నీ ఎస్ఓఆర్ లెక్క చూడు. ప్యూర్ ఎల్-వాలిన్‌కి 28 అనుకో. డి కాంతిని ఎదురు దిక్కుకి తిప్పుతుంది కాబట్టి, 1 శాతం డి కలిస్తే అది ఒక శాతం ఎల్‌ని కూడా రద్దు చేస్తుంది, అంటే రొటేషన్ 2 శాతం పడుతుంది: 28 కాస్తా 27.44. నీకొచ్చిన 27.2 అంటే లోపల డి సుమారు 1.4 ఉండొచ్చు. 2 శాతం ఉన్నా 26.9 దగ్గర పాసైపోతుంది. ఎస్ఓఆర్‌ని నమ్మి డ్రమ్ము తెరవడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ వాలిన్ లాట్ నుంచి దాచి ఉంచిన రిటెయిన్ శాంపిల్‌ని కైరల్ హెచ్‌పీఎల్‌సీలో (డి, ఎల్ రూపాలను విడదీసి కొలిచే పరీక్ష) పెట్టించు.

క్యూసీ అక్క:
దానికి క్రౌన్‌ప్యాక్ సీఆర్ ప్లస్ కాలమ్ ఉంటే చాలు, పెర్‌క్లోరిక్ యాసిడ్ మొబైల్ ఫేజ్, 200 నానోమీటర్లు. సీబీజెడ్ వాలిన్ మాత్రం పెట్టకండి, ఆ కాలమ్‌కి అమైన్ ఖాళీగా ఉండాలి. మామూలు వాలిన్ తొందరగా బయటికి వచ్చేస్తుంది, కాలమ్‌ని చల్లగా ఉంచితే రెండు పీకులూ బాగా విడిపోతాయి. మిథనాల్ 15 శాతం దాటిస్తే కాలమ్ పోతుంది, జాగ్రత్త.

జీడిమెట్ల కెమిస్ట్:
అన్నా, అక్కా, రిజల్ట్ వచ్చింది. కొత్త లాట్‌లో డి-వాలిన్ 1.4, పాత లాట్‌లో 0.1 కూడా లేదు. ఈ 1.4కి మామూలుగా కప్లింగ్‌లో వచ్చే 0.9 కలిపితే దాదాపు మా 2.4. ప్రింటవుట్ తీసుకెళ్లి ఆ కుర్రాడికే ముందు చూపించాను. ఇప్పుడు వాలిన్ స్పెక్‌లో కైరల్ ప్యూరిటీ పెట్టమని రాస్తున్నాను. డి-వాలిన్ 0.5కి మించకూడదని పెడితే సరిపోతుందా, ఇంకా బిగించాలా?

పరవాడ పెద్దాయన:
0.2 పెట్టు. నీ పాత లాట్ 0.1 లోపే వచ్చింది కదా, ఇచ్చేవాళ్లు ఇవ్వగలరు.