నర్సుల ఎంపికలో కళ్ల ఫొటోల పరీక్ష పెట్టొచ్చా?

అమలాపురం శ్రీను: ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల ఎంపికకు కొత్త పరీక్ష పెట్టారండి. 36 నలుపు తెలుపు ఫొటోలు, అన్నిట్లో కళ్లే కనిపిస్తాయి. ఒక్కోదానికి నాలుగు మాటలిచ్చి, ఆ మనిషి మనసులో ఏముందో గుర్తుపట్టమంటారు. మార్కులు తగ్గితే ఇంటర్వ్యూకి పిలవరు. ఇది సబబేనా?

పాలకొల్లు సరళ: సబబే. కొబ్బరి దింపు తీస్తూ పడిపోయినవాళ్లు నడుం విరిగినా "పర్లేదమ్మా" అంటారు. ముఖం చూసి తెలుసుకోలేని మనిషి నర్సుగా ఎందుకు?

రాజోలు వెంకట్: సరళ గారూ, ఆ పరీక్ష కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసింది. మొదటిది 1997లో, ఇప్పుడు వాడే 36 ఫొటోలది 2001లో. ఆటిజం (ఎదుటివాళ్లతో మెలగడం, వాళ్ల మనసు అర్థం చేసుకోవడం కష్టమయ్యే స్థితి) ఉన్న పెద్దవాళ్ల మీద పరిశోధన కోసం చేశారు, ఉద్యోగాల కోసం కాదు. పైగా అవి పత్రికల్లోంచి తీసిన ఫొటోలు. ఫొటోలోని మనిషికి ఏమనిపించిందో ఆ మనిషిని అడగలేదు. ఎక్కువమంది ఏ మాట ఎంచుకున్నారో అదే సరైన జవాబు.

తణుకు రవి: గుడ్డిగా టిక్కులు పెట్టినా 36లో 9 దాకా రావొచ్చు కదా?

పాలకొల్లు సరళ: పదిమందికీ కనిపించింది తప్పెలా అవుతుంది? పాల్ ఎక్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాపువా న్యూ గినీలో బయటి ప్రపంచంతో పెద్దగా సంబంధం లేని ఫోరే జనానికి ఫొటోలు చూపిస్తే, వాళ్లూ చాలావరకు కోపాన్నీ దుఃఖాన్నీ గుర్తుపట్టారు.

రాజోలు వెంకట్: అదే దేశంలో ట్రోబ్రియాండ్ దీవులవాళ్లకు, మనం భయం అనుకునే ముఖం బెదిరింపులా కనిపించిందని 2016లో ఇంకో పరిశోధన వచ్చింది.

తణుకు రవి: 9 సంగతి ఎవరూ చెప్పలేదు.

పాలకొల్లు సరళ: దీవుల సంగతి వదిలేయండి. మా అమ్మకు ఆపరేషనయ్యాక ఒక నర్సు తలెత్తకుండా చార్టు నింపుకుని వెళ్లిపోయింది. అమ్మ రాత్రంతా పళ్లు బిగబట్టుకుని పడుకుంది. మీ ఇంట్లో జరిగితే ఇలా మాట్లాడరు!

రాజోలు వెంకట్: మా ఇంట్లోనూ జరిగిందండి. ఆ పరీక్షలో తప్పింది మా చెల్లే. దానికి ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం కష్టం. కానీ ప్రతి పేషెంటునీ "నొప్పి పదిలో ఎంత?" అని అడిగి రాసుకుంటుంది. మీ అమ్మగారిని ఆ నర్సు అడిగిందా?

పాలకొల్లు సరళ: అడగలేదు. అడిగినా మా అమ్మ చెప్పదు. మా నాన్న పక్కనుంటే అసలే చెప్పదు.

రాజోలు వెంకట్: అయితే ఆయన్ను బయటికి పంపి అడగాలి. మాట్లాడలేని డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులకు నొప్పి ఎంతుందో చూడటానికి పెయినాడ్ అని ఒక కొలత ఉంది. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఊరడిస్తే కుదుటపడుతున్నారా అనేవి చూసి ఒక్కోదానికి 0 నుంచి 2 వేస్తారు. ముఖం ఆ ఐదింట్లో ఒకటి. నేర్పిస్తే ఎవరైనా చేయగలరు.

పాలకొల్లు సరళ: నేర్పితే వస్తుందని మీరంటారు. ఇరవై మంచాల వార్డులో ముందు ఎవరి దగ్గర ఆగాలో ఏ కాగితం చెబుతుంది? నేను అడిగేది అదే.

రాజోలు వెంకట్: ఎవరి దగ్గరా ఆగకుండా పోకూడదనే నేనంటున్నా. నర్సుకి నొప్పి కనిపించిన ముఖానికే మందు అందితే, ముఖంలో ఏదీ కనబడనివ్వని మీ అమ్మగారి లాంటివాళ్ల గతేంటి?

పాలకొల్లు సరళ: అలాగైతే ఫొటోలు తీసేసి నెల రోజులు వార్డులో పెట్టి చూడమనండి. మీ చెల్లినైనా సరే. తలెత్తని మనిషిని మాత్రం నేను ఒప్పుకోను.

అమలాపురం శ్రీను: వార్డులో పెట్టి చూడమన్న మాట రాతపూర్వకంగా ఆసుపత్రికి ఇస్తానండి. వెంకట్ గారూ, ఆ పెయినాడ్ వివరాలు పంపండి.