పదును అంచు రంధ్రమా, నునుపు నాజిలా: చల్లార్చడంలో ఆకారం పాత్ర ఎంత?

గాలిగొట్టం:
వేడెక్కిన లోహపు పలకను గాలి జెట్‌తో చల్లార్చాలి. గాలి వచ్చే రంధ్రం వ్యాసం 10 మి.మీ., అక్కడి నుంచి పలకకు దూరం 60 మి.మీ. రేకులో పదును అంచు రంధ్రం చాలంటాడు నా సహోద్యోగి. లోపల వంపు తిరిగి నున్నగా సన్నబడే నాజిల్ కావాలంటాను నేను. ఒకే రెనాల్డ్స్ సంఖ్య (వేగం, వ్యాసం, గాలి జిగట కలిపి ప్రవాహం తీరును చెప్పే సంఖ్య) దగ్గర పోలిస్తే పదును రంధ్రానిదే పైచేయి అని పరిశోధన పత్రాల్లో కనిపిస్తోంది. ఆకారానికి నిజంగా అంత మహిమ ఉందా?

సుడిగుండం:
ఎందుకు లేదు? పదును అంచు దాటగానే గాలి పొర విడిపోయి వలయాల్లాంటి సుడులు పుడతాయి. అవి పలకను తాకి, దాన్ని అంటి నెమ్మదిగా కదిలే పలుచని గాలి పొరను, అంటే అక్కడి బౌండరీ లేయర్‌ను చెదరగొడతాయి. నునుపు నాజిల్ జెట్‌లో వేగం ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు ఒకేలా ఉంటుంది, టర్బులెన్స్ (గాలిలో అల్లకల్లోలం) తక్కువ. అదే పొడవాటి పైపైతే నడిమి వేగం సగటుకు సుమారు 1.2 రెట్లు. మూడూ పలకను మూడు రకాలుగా తాకుతాయి. మీ సహోద్యోగి మాటే సరి.

కొలబద్ద:
సుడులను కాదనను, కానీ ముందు లెక్క చూద్దాం. పదును రంధ్రం దాటాక జెట్ ఇంకా కుంచించుకుపోతుంది. అది అన్నిటికన్నా సన్నబడే చోట, అంటే వేనా కాంట్రాక్టా దగ్గర, దాని వైశాల్యం రంధ్రం వైశాల్యంలో 0.61 వంతే. అంటే మీ 10 మి.మీ. రంధ్రం నుంచి వచ్చేది 7.8 మి.మీ. జెట్. గాలి పరిమాణం మారకపోతే వేగం 1.64 రెట్లు, ఫ్యాన్ ఇవ్వాల్సిన పీడనం దాదాపు 2.7 రెట్లు!

జెట్ సూటిగా తాకే చోట ఉష్ణ బదిలీ వేగాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేదానికి వర్గమూలంగా పెరుగుతుంది. ఈ ఒక్క కారణంతోనే 45 శాతం లాభం రావాలి. సుడుల ఊసే అక్కర్లేదు. రంధ్రం వ్యాసాన్నే లెక్కలో పెట్టి, ఒకే రెనాల్డ్స్ సంఖ్య అని చెప్పి పోల్చడం నా దృష్టిలో తూకం రాళ్లు మార్చి తూచడమే. 7.8 మి.మీ. నునుపు నాజిల్‌ను పక్కన పెట్టి, ఒకే పీడనం దగ్గర పోల్చండి. అప్పుడు మిగిలిన తేడా మాత్రమే ఆకారానిది.

సుడిగుండం:
ఆ 45 శాతం కాగితం మీదే. జెట్ 7.8 మి.మీ. అయితే దూరం 6 వ్యాసాలు కాదు, 7.7 వ్యాసాలు. జెట్ నడిమి వేగం తగ్గకుండా నిలిచేది 5, 6 వ్యాసాల వరకే. పైగా పలకను దగ్గరకు జరిపితే కేంద్రం నుంచి రెండు వ్యాసాల దూరంలో ఉష్ణ బదిలీకి రెండో శిఖరం కనిపిస్తుంది. దానికి మీ కుంచించుకుపోవడం ఏం జవాబు చెబుతుంది?

కొలబద్ద:
మొదటిది ఒప్పుకుంటాను, దూరాన్నీ జెట్ వ్యాసంతోనే కొలవాలి. నేను చెప్పేదీ అదే కదా! రెండో శిఖరం మాత్రం నునుపు నాజిల్‌తోనూ వస్తుంది, రెనాల్డ్స్ సంఖ్య ఎక్కువగా ఉండి పలక దగ్గరగా ఉంటే చాలు. దాన్ని పదును అంచు ఖాతాలో వేయడం కుదరదు.

దీర్ఘవృత్తం:
దీర్ఘవృత్తాకార నాజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదే? దాని జెట్ ముందుకు పోయే కొద్దీ పొడవు, వెడల్పు అక్షాలు తారుమారవుతాయి. చుట్టూ ఉన్న గాలినీ ఎక్కువగా లాగుతుంది.

గాలిగొట్టం:
అది మరో చర్చకు ఉంచుదాం. ఇంతకీ మా పలుచని రేకు నిలబడేలా లేదు. 12 మి.మీ. మందం పలకకు రంధ్రం వేయాల్సి రావచ్చు. అప్పుడు?

కొలబద్ద:
అప్పుడు కథ మారుతుంది. కుంచించుకున్న గాలి రంధ్రం లోపలే మళ్లీ గోడకు అతుక్కుంటుంది. జెట్ రంధ్రమంతా నిండి బయటికి వస్తుంది కనుక పైన చెప్పిన వేగం లాభం పోతుంది, పీడనం నష్టం మాత్రం మిగులుతుంది. గాలి లోపలికి వచ్చే వైపు అంచును ఏటవాలుగా చెక్కించండి. పీడనం నష్టం బాగా తగ్గుతుంది, ఉష్ణ బదిలీ పెద్దగా మారదు. బయటి అంచును ముట్టుకోవద్దు.

సుడిగుండం:
ఈ ఒక్క దానికి నా ఓటు కూడా. బయటి అంచు పదునుగానే ఉండనివ్వండి, నా సుడులు నాకు కావాలి.